గోడకు అటువైపు ఎన్ని స్టార్లు?

మోసం చేసింది మిషను కాదు, మీరే.

"ఐదు స్టార్లయ్యా! తక్కువ కరెంటు, ఎక్కువ చల్లదనం," అని ఏసీ బిగించే రోజు నాకే పాఠం చెప్పారు. ఇరవై ఏళ్ళుగా అదే పని చేస్తున్న మెకానిక్‌ని, బుద్ధిగా విన్నాను.

"సార్, బయటి యూనిట్ డాబా మీద పెడదాం. ఈ సందులో వేడిగాలికి దారి లేదు. ఐదు స్టార్ల మిషను కూడా రెండు స్టార్లదానిలా కరెంటు తాగుతుంది. పైగా ఎదురుగా వాచ్‌మన్ కిటికీ. లోపల బాలింత ఉంది."

"డాబా దాకా పైపు లాగితే గోడ అందం పోదూ? వాళ్ళకి వేడి అలవాటేలేవయ్యా."

గోడ అందమే గెలిచింది.

మూడు వారాలకు ఫోన్ చేశారు. "నీ మిషను మాటిమాటికీ ఆగిపోతోంది. ఇవేం స్టార్లయ్యా?"

వచ్చాను. యూనిట్ ముఖానికి అట్ట కట్టి ఉంది. ఆ ఏసీ వచ్చిన పెట్టె అట్టే. దాని మీది ఐదు స్టార్లూ కిటికీలోకి చూస్తున్నాయి. లోపల పసిబిడ్డ హాయిగా నిద్రపోతోంది.

మీరు వాచ్‌మన్‌ని పిలిచారు. "ఎంత పొగరురా నీకు! రేపే గది ఖాళీ చెయ్."

"నేను కట్టలేదు సార్," అన్నాడతను. మీరు నమ్మలేదు. నేను నోరు మెదపలేదు.

అందుకే మీకు ఈ కార్డు రాస్తున్నాను. నా డిమాండ్లు ఇవి:

యూనిట్‌ని డాబా మీదికి మార్చాలి.

మార్చేదాకా ఏసీ వెయ్యకూడదు.

మిట్టమధ్యాహ్నం ఆ కిటికీ దగ్గర మీరు ఐదు నిమిషాలు నిలబడాలి. నేను నిలబడ్డాను.

వాచ్‌మన్‌ని వెళ్ళమన్న మాట వెనక్కి తీసుకోవాలి. ఆ అట్ట కట్టింది నేను.