ఉడత చల్లారబెట్టిన పనస తొనలు

ఈ కత నాకు మొదట చెప్పింది మా మేనత్త గవరమ్మ. ఆవిడ చెప్పినట్టే రాస్తున్నాను, ఒక్క మాట కలపలేదు.

ఒక పెరట్లో పనస, మామిడి, మునగ కలిసిపోయి అడివిలా పెరిగాయి. అక్కడ ఒక ఉడత, ఒక చిలక ఉండేవి. ముసురు పట్టేలోగా రెండూ పనస తొనలు చీల్చి బండ మీద ఎండబెట్టుకున్నాయి. చిలక తన ముక్కల్ని వేడివేడిగానే తొర్రలో కుక్కేసింది. ఉడత మాత్రం తనవి నీడకు లాగి, కాకులు రాకుండా కాపలా కూర్చుంది.

“ఎండిపోయినవాటికి ఇంకా జోల పాడతావేంటే పిన్నీ?” అని చిలక నవ్వింది.

“వేడి మీద దాస్తే చెమరుస్తాయే. చెమరిస్తే బూజు పడతాయి. నీ తొందర నీది, నన్ను కదిలించకు” అంది ఉడత.

ముసురు పట్టింది. చిలక తొర్రలో చూస్తే అంతా బూజే. దాని పిల్లలేమో ఆకలికి నోళ్ళు తెరిచి అరుస్తున్నాయి. చేసేది లేక చిలక ఆ బూజు ముక్కే పెట్టబోతుంటే, పక్క కొమ్మ మీది ఉడత పరుగున వచ్చి లాగి పారేసింది.

“చంపుకుంటావా పిల్లల్ని? నావి తీసుకెళ్ళు. వచ్చే ఏడు నా పక్కన కూర్చుని చల్లారబెట్టు.”

పిల్లలు బతికి రెక్కలు తొడిగాయి. ఉడతంటే అదీ! ఎంత పనిమంతురాలో అంత మనసు.

మా వీధి పోలినాయుడు మాత్రం ఈ కతను తిరగేసి, చిలకే ఉడతను సాకిందని ఊరంతా చెబుతున్నాడు. చిలక అందంగా ఉంటుంది కదా, వాడికి అంతే కావాలి. ఎవరైనా వెళ్ళి వాడి చేత సరిగ్గా చెప్పించండి. నేనైతే వాడి గుమ్మం తొక్కను.