కొలిమి ముందర తోలు

"తోలు కట్టుకోని కొలిమి ముందర కూర్చునేదా? తీసి అవతల పారెయ్యిమే!" కమ్మరి దేవరాజులు ఆచారి భార్య మీద గయ్యిమన్నాడు.

ఇంద్రాణి పారెయ్యలేదు. చెప్పులు కుట్టే రత్నస్వామి చేత ముచ్చటపడి కుట్టించింది మరి! మెడ నుంచి మోకాళ్ల దాకా కప్పే తోలు గుడ్డ. ఆచారికేమో కొలిమి అంటే గుడే. స్నానం చేసి, విభూతి పెట్టుకుని గానీ నిప్పు రాజెయ్యడు. ఎక్కడి చచ్చిన గొడ్డు తోలో తెచ్చి ఒంటికి చుట్టుకోమంటే ఒప్పుకుంటాడా?

"మొన్న తొడ కాలితే ఆకుపసురు పూసింది ఎవురు? పక్కన కూర్చోని ఏడ్చింది ఎవురు?" అంది ఇంద్రాణి. "ఇది కట్టుకుంటేనే గాలిమిషను తిప్పుతా. లేకుంటే నీ నిప్పు నువ్వే ఊదుకో."

అన్నట్టే చేతులు కట్టుకుని కూర్చుంది. కొలిమిలో నిప్పులు నల్లబడుతున్నాయి.

బండి చక్రం ఇనప పట్టా విరిగి, అతికించుకుందామని పళ్ళిపట్టు నుంచి వచ్చిన మునెయ్యకి ఓపిక నశించింది. "కట్టుకోండి ఆచారీ! తిరుత్తణి తాలూకా ఆంధ్రాకి పోతాదో అరవనాటికి పోతాదో తేలేలోపలన్నా నా బండి కదలాల గదా!"

"ఈ పొద్దుకి మాత్రమే," అని పళ్లు కొరుకుతూ కట్టుకున్నాడు ఆచారి.

మిషను తిరిగింది. పట్టా కొసలు తెల్లగా కాగాయి. సమ్మెటతో కొట్టడానికి దాగలి దిమ్మ మీద పెట్టబోతుంటే పటకారు జారింది. కాలిన ఇనుము నేరుగా ఆచారి ఒళ్లో పడింది. ఇంద్రాణి కెవ్వుమంది.

ఆచారి ఎగిరి దులుపుకున్నాడు. తోలు పొగలు కక్కుతోంది. దాని కింద పంచె కూడా మాడలేదు. ఒళ్లంతా తడిమి చూసుకుని, భార్య వైపు తిరిగాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నా పాణం నిలబెట్టినావు ఇంద్రాణీ!"

సాయంత్రం పని ముగించి, తోలు కోసే కత్తి ఒకటి కొత్తగా సాగగొట్టుకుని, ఎన్నడూ పోని రత్నస్వామి ఇంటికి పోయాడు. కత్తి అతని చేతిలో పెట్టాడు.

"నీ చేతికి దండం పెడతా రత్నస్వామీ. ఆ తోలు యాడిదో, ఏ గొడ్డుదో, దానికీ పెడతా."

రత్నస్వామి నవ్వేశాడు. "దానికి ఏటేటా ఆయుధపూజకి పెడతానే వచ్చినారు గదా ఆచారీ! మిషను కొన్నాక మీరు మూలన పడేసిన కొలిమి తోలుతిత్తే అది."