తెనాలిలో దొరికిన దీవెన

వదినా,

ఫోన్ చేస్తే మీ పక్కనే కూర్చుని అత్తయ్యగారూ వింటారు. అందుకే ఎప్పుడూ లేనిది కలం పట్టాను. ఈ కార్డును కవర్లో పెట్టి బాపట్ల పంపుతున్నాను.

మా అమ్మాయికి డిగ్రీ అయ్యేలోగా ఉద్యోగం రాకపోతే చెరుకుపల్లి సంబంధం ఖాయం చేస్తానని అత్తయ్యగారు అన్నారుగా! అందుకని మా ప్రత్యూష రోజూ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఇంటర్వ్యూ సాధన చేసింది. నేనే మేడమ్‌ని. ప్రశ్నలయ్యాక నా కాళ్ళకు దండం పెట్టి లేచేది.

నిన్న తెనాలి ఆసుపత్రిలో అసలు ఇంటర్వ్యూ. "ఇక వెళ్ళమ్మా" అనగానే అలవాటుగా వంగి అక్కడి మేడమ్ కాళ్ళకు దండం పెట్టేసింది! ఆవిడా అలవాటుగా తలమీద చెయ్యి వేసి, "శీఘ్రమేవ కల్యాణ ప్రాప్తిరస్తు" అనేశారట.

బయట కూర్చున్న నా దగ్గరికొచ్చి ఒకటే ఏడుపు. "పరువు పోయిందమ్మా! ఉద్యోగం అడిగితే పెళ్ళి ఇచ్చారు."

ఇంతలో మేడమే వచ్చారు.

"ఏంటమ్మా ఏడుపు? జవాబులు బాగా చెప్పావు. సోమవారం వచ్చి రిసెప్షన్‌లో చేరు. నా దీవెనంటావా, రెండేళ్ళాగి ఫలిస్తుందిలే!"

"ఆగుతుందండి" అన్నాను నేనే ముందు.

ఉద్యోగం సంగతి అత్తయ్యగారికి చెప్పండి. దీవెన సంగతి తెలిస్తే మాత్రం, అమ్మవారే పలికించిందని రేపే ముహూర్తం పెట్టిస్తారు. రెండేళ్ళు ఆగమని అమ్మవారికి నేను విడిగా విన్నవించుకున్నాను. ఈ కార్డు దాచుకోండి, ఆవిడకు చూపించకండి.