రాపిడి సున్నా

"వ్యాసం మీద మొదటి పేరు నాదే," అన్నాడు ప్రొఫెసర్ ఎలెవుతేరియు ఫల్కాతు, కిటికీకీ తలుపుకీ మధ్య పచార్లు చేస్తూ. "నీది రెండోది. రెండో స్థానం కూడా స్థానమేనమ్మాయ్."

"నెలాఖరుకి నా ఉద్యోగం అయిపోతోంది, సెన్యోర్ ప్రొఫెసర్. మొదటి పేరుంటేనే పొడిగిస్తారు," అంది డాక్టర్ లియొనిల్ద్. "మీకింకో కీర్తి ఎందుకు? ఉన్నవాటికే మీ తలుపు మీద పలక చాలడం లేదు."

సామ్రాజ్యాల కోసం సాగిన పోరాటాలకు ఏమాత్రం తీసిపోని ఈ సమరం లిస్బన్ నగరంలోని ఆ ప్రయోగశాలలో వారం రోజులుగా నడుస్తున్నది. సమరకారణం ఒక నూనె చుక్క. కంటికానని సిలికాన్ యంత్రాలు తమలో తామే ఒరుసుకుని, అరిగి, ఆగిపోతాయి. వాటికి వేసే నూనెలో అయానిక ద్రవాన్ని, అనగా నీటి సాయం లేకుండానే ద్రవరూపంలో ఉండే ఒక లవణాన్ని, రవ్వంత కలిపారు. ఆ నూనె పూసిన సిలికాన్ బిళ్ల మీదికి ఉక్కు గోళీని దించి, బిళ్లను గిరగిరా తిప్పారు. రాపిడిని కొలిచే ముల్లు సున్నా మీద శయనించింది. మానవజాతి రాపిడిని జయించినట్టు తేలిపోయింది. ఆ మానవుడెవరన్నదే తేలలేదు.

వ్యాసం మధ్యాహ్నం లోగా సదస్సుకు చేరాలి. కాఫీలు తెచ్చిన కార్యదర్శి దోనా గ్రసియెత్ గడియారం వంక చూసి, ఇద్దరి వంకా చూసింది.

"ఆ నూనేదో ముందు మీ ఇద్దరికీ రాసుంటే సరిపోయేది," అంది.

లియొనిల్ద్ కాఫీ ముట్టలేదు. వ్యాసానికి కావలసిన ఆఖరి ఛాయాచిత్రం కోసం లోపలి గదిలోకి వెళ్లి, సూక్ష్మదర్శినికి కన్ను ఆనించింది. ఒక్క చిత్రానికి పట్టవలసిన దానికన్నా చాలాసేపు అక్కడే ఉండిపోయింది. తిరిగి వచ్చింది. కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది.

"సెన్యోర్ ప్రొఫెసర్, ఆ గోళీ గురించి ఒక మాట చెప్పాలి."

"గోళీని ఎంచింది నేను."

"ఎంచడం కాదండీ. బిళ్ల మీదికి దించినప్పుడు..."

"దించిందీ నేనే."

దించే సమయానికి ప్రొఫెసరుగారు నిజానికి పక్క వీధిలో ఎండుచేపల వేపుడుతో సంప్రదింపులు జరుపుతున్నారు. గోళీని దించిన చేయి లియొనిల్ద్‌ది. అయితే మహాపురుషులు చరిత్రలో ఇటువంటి చిన్న సవరణలకు వెనుదీయరు.

"మీరా?" అంది ఆమె.

"నేనే. నా ఈ చేతుల్తో. దోనా గ్రసియెత్, మీరే సాక్షి."

"నేను కాఫీకే సాక్షిని," అంది ఆవిడ.

"నన్ను పూర్తిగా చెప్పనివ్వండి," అంది లియొనిల్ద్.

"ఏమీ చెప్పక్కర్లేదు. టైమవుతోంది. ప్రయోగం మొదటినుంచీ చివరిదాకా నా చేతుల మీదుగానే జరిగిందని రాయి."

ఆమె కంప్యూటరు ముందు కూర్చుని, చెప్పినది చెప్పినట్టే రాసింది.

"మీ పేరు మొదట పెట్టాను," అంది. "నాది తీసేశాను. నేను చేసిందేమీ మిగల్లేదు కదా."

పచార్లు ఆగాయి. ముట్టడించవచ్చిన కోట తనంత తానే తలుపులు తెరిస్తే విజేతకు కలిగే ఇబ్బంది ప్రొఫెసరుగారికి కలిగింది. ఔదార్యం తప్ప వేరు దారి కనబడలేదు.

"నీ ఉద్యోగం సంగతి నాకొదిలెయ్," అంటూ ఆమె పొడిగింపు పత్రాన్ని అక్కడికక్కడే తెప్పించుకుని సంతకం చేశాడు. ఆ ఊపులోనే వ్యాసాన్ని స్వహస్తంతో పంపించి, చల్లారిన కాఫీని విజయపానీయంలా సేవించాడు.

"ఇప్పుడు చెప్పమ్మాయ్. గోళీ గురించి ఏదో అన్నావు."

లియొనిల్ద్ పత్రాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది.

"మీరు దించిన గోళీ ఆ బిళ్లను ఇంతవరకూ తాకనే లేదండీ."