ఏంజెల్ ఫిష్

"ఏమండీ, దాన్ని బయటికి తీసెయ్యండి! రెక్కలు పీకేస్తున్నాయి!" బిర్యానీ వండుతున్న ఉదయశ్రీ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

పొద్దున్నే భర్త బాలమురళి తెచ్చి అక్వేరియంలో వదిలిన తెల్లటి ఏంజెల్ ఫిష్‌ను ఆఫ్రికన్ సిక్లిడ్ చేపలన్నీ కలిసి ఓ మూలకు తరుముతున్నాయి. పియారా వాటర్స్ కాలనీలోని ఆ ఇంటి సోఫాలో బాలమురళి, అతని స్నేహితుడు శేషగిరి బీరు తాగుతూ చూస్తున్నారు.

"కొత్తది కదా, సెటిల్ అవుతుందిలే," అన్నాడు బాలమురళి.

పాపం, తెలియక తెచ్చాడనుకుంది ఆమె. "వీటితో ఏవి కలుస్తాయో షాపులో అడగాల్సింది."

"అడిగాం సిస్టర్," శేషగిరి నవ్వాడు. "క్యాట్‌ఫిష్ అయితే ఓకే, ఏంజెల్‌ని వేస్తే చంపేస్తాయన్నాడు. అందుకే మావాడు అదే తీసుకున్నాడు. ఫుటీ మ్యాచ్ కన్నా మజాగా ఉంటుందట!"

ఉదయశ్రీ భర్త వైపు చూసింది. అతను అద్దం మీంచి చూపైనా తిప్పలేదు.

"అదిగో, కన్ను పీకేస్తోంది చూడు!" అన్నాడు హుషారుగా.

ఇన్నాళ్లూ ఈ మనిషి పక్కనేనా తను పడుకున్నది?

వల అందుకుని చేపను నీళ్ల బకెట్‌లోకి మార్చింది. బాలమురళి లేచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "ఏయ్, ఏం చేస్తున్నావ్?"

"ముట్టుకోకండి. అసహ్యంగా ఉంది."

అతను చెయ్యి వదిలేశాడు. షాపువాళ్లయినా బతికిస్తారేమోనని ఆమె బకెట్‌తో, కారు తాళాలతో బయటికి నడిచింది.

"మరి బిర్యానీ?" వెనకనుంచి అడిగాడు బాలమురళి.

ఆమె వెనక్కి తిరగలేదు.