వెనక చక్రాలు

చెల్లెలు నేలమీద బోర్లా పడుకుని ఫ్రిజ్ వెనక చక్రం ఊడదీస్తోంది. అన్నగారు కుర్చీలో కాళ్లు చాపుకుని, అదే ఫ్రిజ్‌లోంచి తీసిపెట్టిన ద్రాక్షపళ్లు ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటున్నాడు.

"ఆ పట్టుకోవడం చూడు! అది పానానా, గరిటా?"

ఆమె పానా ఇంకాస్త బిగించి పట్టుకుని తిప్పింది. ఫ్రిజ్ ఎదుటి గోడకి వాలి ఉంది. వెనక వైపు కింద చెక్క దుంగ. పాత చక్రాలు పగిలి, తుప్పు పట్టిన ఇరుసుకి కరుచుకుపోయాయి.

అన్నగారికి నవ్వొచ్చింది. చిన్నప్పటి నుంచీ ఇంతే. ఒక్క అరుపు అరిస్తే చాలు, దారికొస్తుంది. తన ఫ్లాట్ అద్దెకిచ్చేసి కాపురం ఇక్కడికి మారుస్తున్నానంటే తెగ ఏడ్చింది. "ఇది నేను కొనుక్కున్న ఇల్లన్నయ్యా" అంది. పెళ్లీ పెటాకులూ లేని మనిషికి రెండు గదులెందుకట? తాళం మార్చి చూసింది. ఆమె బ్యాగులోంచి తాళంచెవి లాగి తనూ ఒకటి చేయించుకున్నాడు. అంతటితో నోరు పడిపోయింది. ఈ సాయంత్రమే సామాను దిగుతుంది.

"మీ వదిన బీరువా ఈ మూలే పెట్టాలి. గుర్తుందా?"

"ఫ్రిజ్ హాల్లో ప్లగ్గు దగ్గరికి జరిపేస్తున్నాగా అన్నయ్యా."

"ఎక్కడ తగలేస్తావో తగలెయ్యి."

కొత్త చక్రాలు బిగిశాయి. ఆమె ఫ్రిజ్‌ని నిలబెట్టి, కాస్త వెనక్కి వంచి తోసింది. పిల్లల బండిలా జర్రున కదిలింది. ముందు కాళ్ల మరలు కిందికి తిప్పి మళ్లీ తోసింది. ఈసారి అంగుళం కూడా కదల్లేదు.

"ఇలా తిప్పేస్తే ఎవరు తోసినా కదలదట."

"దాన్నెవరు తోస్తారే, మొద్దు మొహమా!" పడీపడీ నవ్వాడు. గింజలు నేలమీదే ఊశాడు. "టీ పెట్టి ఉంచు. సామానుతో వస్తా."

"అలాగే."

సాయంత్రం లారీ ఆగింది. బీరువా మోసుకొచ్చిన కూలీలు మెట్ల మీద రొప్పుతున్నారు. వాళ్ల వెనక భార్య. అన్నగారు దర్జాగా తాళంచెవి తిప్పాడు. తాళం తెరుచుకుంది.

తలుపు తోశాడు. భుజం ఆనించి తోశాడు. కాలితో తన్నాడు.

"ఇల్లు ఇదేనా సార్?" అన్నాడు బీరువా కింద నలుగుతున్న కూలీ.

అన్నగారు తలుపుకి చెవి ఆనించాడు. అవతల, సరిగ్గా తలుపు వెనకే, ఫ్రిజ్ గుర్రుమంటోంది.