పన్నెండు మూతలు

"ఇది గట్టిపడ్డానికి హార్డెనర్ ఎంత కలపాలో ఆయన్ని అడగమ్మా," అన్నాడు తమ్ముడు, రెసిన్ జిగురు బకెట్టు ముందేసుకుని.

పక్కనే అన్న, కారుతున్న నీళ్ల ట్యాంకుకి అతుకు వెయ్యడానికి ఫైబర్ మ్యాట్ అదిమి పట్టుకుని ఉన్నాడు. ఏడాదిగా అన్నదమ్ములకి మాటల్లేవు.

"రెండు మూతలు చాలని చెప్పమ్మా," అన్నాడు అన్న.

తల్లికి చెవి కాస్త మందం. "పన్నెండటరా!"

అన్న చెప్పింది తమ్ముడికి స్పష్టంగా వినబడింది. కానీ ఆయన తనతో అనలేదుగా! పంతంగా పన్నెండూ పోసి కలిపాడు.

హార్డెనర్ ఎక్కువై బకెట్టు సలసలా కాగి పొగలు కక్కింది.

"ఒరేయ్ మొద్దూ, వదిలెయ్! చెయ్యి కాలుతుంది!" అన్న మ్యాట్ పారేసి, తమ్ముణ్ణి వెనక్కి లాగాడు.

బకెట్టులో రెసిన్ బండరాయైపోయింది.

"అమ్మా, అన్నయ్య నన్ను తిట్టాడే!" తమ్ముడి మొహం వెలిగిపోతోంది.

"అమ్మతో ఎందుకురా? నాతో చెప్పు," అన్నాడు అన్న.